తడి ఆరకముందే

లండన్ యూనివర్సిటీ కాలేజీ వారి పెట్రీ మ్యూజియంలో ఒక చిరిగిన చొక్కా ఉంది. ఈజిప్టులోని తార్ఖాన్ శ్మశానవాటికలో 1913లో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వకాల్లో దొరికిన మాసిన పేలికల మూటలో అదీ ఒకటి. ఆ మూటలో ఏముందో అరవై ఏళ్ళకు పైగా ఎవరూ విప్పి చూడలేదు. 1977లో శుభ్రం చేయడానికి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నిపుణులకు అప్పగించినప్పుడు, పేలికల మధ్య నుంచి రెండు పొడుగు చేతులు, కోసుగా తీసిన మెడ, భుజాల మీద సన్నటి కుచ్చిళ్ళు ఉన్న వస్త్రం బయటపడింది. తలమీదుగా లాగి విడిచినట్టు అది తిరగేసి ఉంది. కార్బన్ పరీక్షలు దాని కాలం క్రీస్తుపూర్వం 3482–3102 నడుమ అని తేల్చాయి. నేసి కుట్టిన దుస్తుల్లో ఇంతకంటే పాతది ఇప్పటిదాకా దొరకలేదు.

ఆ చొక్కా లినెన్. దాని మోచేతుల దగ్గరా చంకల దగ్గరా ముడతలు ఇప్పటికీ కనబడతాయి. అది శవం కోసం కొత్తగా కుట్టింది కాదనీ, బతికున్న మనిషి తొడుక్కున్నదేననీ పరిశోధకులు చెప్పగలిగింది ఆ ముడతలను చూసే.

ఐదు వేల ఏళ్ళు చివకని గుడ్డ, ఐదు వేల ఏళ్ళు పోని ముడత. లినెన్ గురించి తెలుసుకోవలసినదంతా ఈ రెండింటి మధ్యే ఉంది. ఆ గట్టిదనమూ ఈ నలుగుడూ పోగులోని ఒకే నిర్మాణం నుంచి పుట్టాయి. ఆ నిర్మాణాన్ని కదిలించగలిగేది నీరు. బట్ట తడిగా ఉన్నప్పుడు ఏం చేశామన్నదాన్ని బట్టే అది ఆరాక ఎలా ఉంటుందో, ఎన్నాళ్ళుంటుందో తేలిపోతుంది.

హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ఇవాళ కట్‌పీస్ దుకాణానికి వెళ్తే లినెన్ తానులకు వేరే అరలుంటాయి. వాటిమీద 40 లీ, 60 లీ అని రాసి ఉంటుంది. అది పోగు సన్నదనాన్ని చెప్పే లెక్క. పౌను బరువు నూలులో 300 గజాల చిట్టాలు ఎన్ని వస్తే అన్ని లీలు. 60 లీ అంటే ఒక పౌనుకు 18,000 గజాల పోగు. అంకె పెరిగే కొద్దీ పోగు సన్నబడుతుంది, ఉతుకులో జాగ్రత్త కూడా పెరగాలి. చొక్కా గుడ్డకు 60 లీ మామూలు. లినెన్ చీరల్లో వంద దాటిన కౌంటు కూడా దొరుకుతుంది. ఖరీదు పెట్టి కొన్న ఆ గుడ్డ ఇంటికొచ్చాక దాన్ని నూలుబట్టలాగానే చూస్తారు. రాత్రి సర్ఫులో నానబెడతారు, పొద్దున బ్రష్షుతో రుద్దుతారు, మెలిపెట్టి పిండుతారు, మండుటెండలో ఆరేస్తారు, కరకరలాడేలా ఎండాక ఇస్త్రీ పెట్టె అందుకుంటారు. నూలుకు ఈ పద్ధతి చెల్లిపోతుంది. లినెన్‌కు దాదాపు ప్రతి మెట్టులోనూ ఎదురు తిరుగుతుంది.

లినెన్ నార అవిసె మొక్కది. మన దేశంలో అవిసెను ప్రధానంగా గింజల కోసమే వేస్తారు. నార కోసం వేసే రకాలు వేరు, అవి కొమ్మలు వేయకుండా నిటారుగా నడుము దాటి పెరుగుతాయి. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి బెల్జియం, నెదర్లాండ్స్ దాకా సాగే సముద్రతీరపు పొలాలు వాటికి పెట్టింది పేరు. కోల్‌కతా దగ్గర రిష్రాలో ఉన్న జయశ్రీ టెక్స్‌టైల్స్ వంటి మన మిల్లులు ఆ ముడినారనే తెప్పించి నూలు వడికి బట్ట నేస్తాయి. నార తీసే తీరు మాత్రం శ్రీకాకుళం, విజయనగరం రైతులకు కొత్త కాదు. గోగు కట్టలను చెరువులో మురగబెట్టి, పుల్ల నుంచి నారను ఒలిచి తీసే పని అక్కడ తరాలుగా సాగింది. అవిసె కాడలను కూడా ఒకప్పుడు నదుల్లో నానవేసేవారు, ఇప్పుడు ఎక్కువగా పొలంలోనే పరిచి మంచుకూ వానకూ వదిలేస్తారు. రెండు చోట్లా పని చేసేది సూక్ష్మజీవులే. నారను కాండానికి అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురును అవి తినేస్తాయి.

పత్తి పోగు గింజ మీద మొలిచిన ఒంటి కణం. అవిసె నార కాండం నిలబడడానికి మొక్క కట్టుకున్న దన్ను. ఈ తేడా సూక్ష్మదర్శినిలో స్పష్టంగా తెలుస్తుంది. పత్తి పోగులో సెల్యులోజ్ దారాలు పోగు పొడవుకు ఇరవై, ముప్పై డిగ్రీల వాలులో మెలిక తిరిగి ఉంటాయి. లాగితే ఆ మెలిక కాస్త విచ్చుకుని సాగుతుంది, వదిలితే కొంత వెనక్కి వస్తుంది. అవిసెలో ఆ వాలు పది డిగ్రీలు కూడా ఉండదు, సెల్యులోజ్ అంతా దాదాపు పొడవునా నిటారుగా పేర్చి ఉంటుంది. అందుకే లాగితే అంత బలం. అందుకే సాగే గుణం అంత తక్కువ: అసలు పొడవులో రెండు మూడు శాతం సాగేసరికే తెగిపోతుంది. వంచితే వెనక్కి రావడానికి దాని దగ్గర మెలికలు లేవు. వంచిన చోట అలాగే ఉండిపోతుంది. మోచెయ్యి మడిచినా, కారు సీట్లో కూర్చున్నా జరిగేది ఇదే.

ఆ వంపు ముడతగా స్థిరపడడం వెనక నీటి పాత్ర ఉంది. సెల్యులోజ్ గొలుసులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. వాటిలో కొన్ని చోట్ల గొలుసులు బిగుతుగా, వరసగా ఉంటాయి, అక్కడికి నీరు చొరదు. మరికొన్ని చోట్ల వదులుగా ఉంటాయి. నీటి అణువులు ఆ వదులు చోట్లలోకి దూరి, గొలుసుల మధ్య బంధాలను విడదీసి, వాటి స్థానంలో తాము చేరతాయి. గొలుసులు జరగడానికి వీలు చిక్కుతుంది. నీరు వెళ్ళిపోగానే, ఆ క్షణానికి ఎక్కడున్నవి అక్కడే మళ్ళీ పట్టేసుకుంటాయి. తడి జుట్టును జడ వేసుకుని, ఆరాక విప్పితే అలలు తేలడానికి కారణం ఇలాంటి బంధాలే.

ఒంటిమీదున్న చొక్కాకు చెమట తడి ఉంది, శరీరపు వేడి ఉంది, సీటుకు ఆనుకున్న వీపు ఒత్తిడి ఉంది. ఇస్త్రీ పెట్టె వాడుకునేవీ సరిగ్గా ఈ మూడే. ముడత పడేదీ పోయేదీ ఒకే దారిన. పైగా లినెన్ తేమను నూలుకంటే ఎక్కువగా పీలుస్తుంది. వస్త్ర పరిశ్రమ ప్రమాణాల ప్రకారం లినెన్‌లో తేమ 12 శాతంగా, నూలులో 8.5 శాతంగా లెక్కగడతారు. వేసవిలో ఒంటికి హాయిగా ఉండేదీ, గంట తిరక్కుండా నలిగేదీ ఆ తేమ వల్లే. ఈ రెంటిలో ఒకటే కావాలంటే కుదరదు.

కుదిర్చే ప్రయత్నం జరగకపోలేదు. అమెరికా వ్యవసాయ శాఖ వారి న్యూ ఆర్లియన్స్ ప్రయోగశాలలో రూత్ బెనెరిటో, ఆమె సహచరులు 1950ల చివరి నుంచి సెల్యులోజ్ గొలుసుల మధ్య రసాయన వంతెనలు వేసే పద్ధతులను మెరుగుపరిచారు. నీటికి విడిపోని బంధాలు కాబట్టి బట్ట ఉతికాక నునుపుగానే ఆరుతుంది. ముడత పడదని చెప్పి అమ్మే చొక్కాలు ఆ దారిలో వచ్చినవే. అయితే కదలలేని గొలుసులు ఒరిపిడికి తట్టుకోలేవు. అలాంటి పూత వేసిన బట్ట కాలరు అంచున, జేబు అంచున ముందుగా చిరుగుతుంది. పదేళ్ళు కట్టాలనుకునే లినెన్‌కు ఈ పూత లేకపోవడమే మేలు.

ఇక ఉతుకు. ముందుగా ఒక మాట: చొక్కా గుడ్డనో కుర్తా గుడ్డనో దర్జీకి ఇచ్చేముందు నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి ఇవ్వాలి. మగ్గం మీదా తర్వాతి పనుల్లోనూ బిగలాగి ఉంచిన పోగులు మొదటి తడికి వదులై లోపలికి జరుగుతాయి. గుడ్డను బట్టి నూటికి నాలుగైదు అంగుళాలు తగ్గడం మామూలు విషయం. పాతకాలపు దర్జీలు తడిపి తెమ్మని అడిగేవారు. ఆ అలవాటు ఇప్పుడు సన్నగిల్లింది కానీ, లినెన్ విషయంలో దాన్ని వదులుకోకూడదు.

తడిసిన లినెన్ పోగు పొడిపోగుకంటే సుమారు ఐదో వంతు బలంగా ఉంటుంది. కాబట్టి ఉతికితే చిరుగుతుందన్న భయం అక్కర్లేదు, ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కు ఇవ్వనవసరం లేదు. దానికి పడనిది రాపిడి. బండకేసి బాదినప్పుడు, ప్లాస్టిక్ బ్రష్షుతో రుద్దినప్పుడు నార పొడవునా చీలి సన్నటి నూగు లేస్తుంది. ముదురు నీలం చొక్కాలో కాలరు మడత మీద, కుట్ల గట్ల మీద తెల్లగా తేలే గీతలు చాలావరకు రంగు వెలిసి వచ్చినవి కావు, అక్కడ నూగు వెలుతురును చెదరగొట్టడం వల్ల అలా కనబడతాయి. కాలరుకు కాస్త సబ్బు పట్టించి, పది నిమిషాలాగి, వేళ్ళతోనే నలిపితే చాలు. మెషిన్‌లో వేస్తే చొక్కాను తిరగేసి, గుండీలు పెట్టి, డ్రమ్ము సగానికి మించకుండా, 30–40 డిగ్రీల నీటిలో, తక్కువ స్పిన్‌లో ఉతకాలి. స్పిన్ వేగం ముఖ్యం. నిమిషానికి వెయ్యికి పైగా తిరిగే డ్రమ్ము తడి లినెన్‌ను గోడకేసి అదిమిపెడుతుంది. అప్పుడు పడిన మడతలు ఇస్త్రీకి కూడా ఒక పట్టాన లొంగవు.

రాత్రంతా నానబెట్టే అలవాటు లినెన్‌కు పనికిరాదు. చాలా సర్ఫుల్లో ఇప్పుడు ఎంజైములు కలుపుతున్నారు. కొన్నింటిలో సెల్యులేజ్ కూడా ఉంటుంది. నూగును కొరికి బట్టను కొత్తగా కనబడేలా చేయడం దాని పని. అరగంటలో అది మేలు చేస్తుంది. రాత్రంతా వదిలేస్తే, నూగుకూ అసలు పోగుకూ దానికి తేడా తెలియదు. రంగు వేయని, గోధుమవన్నె సహజ లినెన్‌కు ఇంకో ముప్పుంది. తెల్లబట్టలు మెరవాలని సర్ఫుపొడిలో కలిపే పదార్థాలు అతినీలలోహిత కాంతిని పీల్చి నీలికాంతిని వెదజల్లుతాయి. నాలుగు ఉతుకులయ్యేసరికి ఆ మట్టివన్నె పాలిపోతుంది. రంగుబట్టలకని అమ్మే ద్రవం వాడితే ఈ బాధ ఉండదు.

సెల్యులోజ్ క్షారాన్ని ఓర్చుకుంటుంది, ఆమ్లాన్ని ఓర్చుకోదు. ఈ సంగతి రసాయనశాస్త్రం పుట్టకముందే ఉతికేవాళ్ళకు చేతి అనుభవంగా తెలుసు. మన చాకిరేవుల్లో చవుడు మట్టి వాడారు. ఐరోపాలో కట్టెల బూడిద నీళ్ళలో లినెన్‌ను నానవేసేవారు. రెండింటిలోనూ ఉన్నది క్షారమే, జిడ్డును సబ్బుగా మార్చి వదిలించేదీ అదే. నెదర్లాండ్స్‌లోని హార్లెం పట్టణం చుట్టూ పదిహేడో శతాబ్దంలో లినెన్ తెల్లబరిచే మైదానాలుండేవి. గడ్డి మీద బారులు తీరిన తెల్లటి తానులను యాకోబ్ వాన్ రౌస్డాల్ చిత్రాల్లో ఇప్పటికీ చూడవచ్చు. బూడిద నీళ్ళలో నానవేయడం, మజ్జిగలో ముంచడం, గడ్డి మీద పరిచి నీళ్ళు చల్లడం, మళ్ళీ మొదటి నుంచి: ఇలా నెలల తరబడి సాగేది. మజ్జిగలోని పులుపు గుడ్డలో మిగిలిన క్షారాన్ని విరుస్తుంది.

1756లో స్కాట్లండ్ వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ మజ్జిగకు బదులు బాగా పలుచన చేసిన గంధకామ్లం చాలని చూపించాడు. వారాల పని ఒక రోజుకు దిగింది. 1785లో ఫ్రాన్స్‌లో బెర్తొలే క్లోరిన్‌కు రంగును విరిచే గుణం ఉందని చూపాడు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ ఆ క్లోరిన్‌ను సున్నంలో పట్టించి పొడిగా అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ మున్సిపాలిటీ వాళ్ళు కాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్ మొదట పుట్టింది బట్టలు తెల్లబరచడానికే. మైదానాలు పొలాలయ్యాయి, నెలలు గంటలయ్యాయి. కానీ క్లోరిన్ రంగుతో ఆగదు, సెల్యులోజ్ గొలుసులను కూడా తెంపుతుంది. మిల్లులో కొలతలుంటాయి, ఇంట్లో బకెట్లో ఒంపే మూతకు కొలత లేదు. తెల్ల లినెన్ మీద క్లోరిన్ బ్లీచ్ పదేపదే వాడితే, గుడ్డ చూపుకు బాగానే ఉండి, ఒకనాడు వీపు మీద కాగితంలా చిరుగుతుంది. తెలుపు తగ్గితే ఆక్సిజన్ విడుదల చేసే పొడి, లేదా తడి గుడ్డ మీద కాసేపు ఎండ, ఈ రెండూ చాలు. బ్లీచ్‌లో వెనిగరో నిమ్మరసమో ఎన్నడూ కలపకూడదు, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న ఊళ్ళలో సబ్బుబిళ్ళతో ఉతికితే మరో చిక్కు. సబ్బు వాటితో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారి పోగుల మధ్య చేరుతుంది. గుడ్డ బూడిదరంగు తిరిగి, బిరుసెక్కుతుంది. లినెన్ గరుకని చాలామంది అనుకునేది ఈ తెట్టునే. డిటర్జెంటుకు ఈ ఇబ్బంది తక్కువ. ఇంకా బిరుసుగా ఉంటే, బకెట్ నీటికి రెండు చెంచాల వెనిగర్ కలిపి ఒకసారి ముంచి, వెంటనే మంచినీళ్ళలో జాడించేయాలి. పులుపు గుడ్డలోనే ఆరకూడదు. ఇస్త్రీ వేడి దానికి తోడైతే గొలుసులు తెగుతాయి.

తెలుగింట భోజనం చేశాక లినెన్ మీద మరక పడిందంటే అది ఆవకాయదో పులుసుదో అయి ఉంటుంది. ఆవకాయ మరకలో మూడు మరకలుంటాయి: నూనె, కారపు ఎరుపు, పసుపు. నూనెను ముందు తీయాలి, ఎందుకంటే మిరపకాయ ఎరుపు నూనెలోనే కరిగి ఉంటుంది. పొడి శనగపిండో పౌడరో చల్లి అరగంట ఆగితే నూనె చాలావరకు దానికి పడుతుంది. తర్వాత అంట్లు తోమే ద్రవం ఒక చుక్క వేసి, వెనక వైపు నుంచి నీళ్ళు పోయాలి. సబ్బు తగలగానే పసుపు చోటు ఎర్రబారుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. పసుపులోని కుర్కుమిన్ క్షారంలో రంగు మారుస్తుంది, జాడిస్తే తిరిగి పసుపుపచ్చగా అవుతుంది. మిగిలిన పచ్చదనాన్ని ఎండ విరిచేస్తుంది, మిరప ఎరుపుకు కూడా ఎండే మందు. మరక పూర్తిగా పోకముందు ఇస్త్రీ పెట్టడమే అసలు ప్రమాదం. వేడికి నూనె గట్టిపడి పోగును అంటిపెట్టుకుంటుంది. ఇక అది ఆ చొక్కాతోనే ఉంటుంది.

ఆరేయడం దగ్గరకొస్తే, లినెన్ సంరక్షణలో సగం పని ఇక్కడే అయిపోతుంది. పిండకూడదు. రెండు అరచేతుల మధ్య ఒత్తి నీళ్ళు కార్చి, తువ్వాలులో చుట్టి అదిమితే సరిపోతుంది. భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా ఒక్కసారి విదిలించాలి. తర్వాత కుట్ల వెంబడి, కాలరు వెంబడి, గుండీల పట్టీ వెంబడి చేత్తో సాఫు చేస్తూ లాగాలి. ఆ క్షణంలో గొలుసులు ఎటు జరిపితే అటు జరుగుతాయి. రెండు నిమిషాల ఈ పని ఇస్త్రీ దగ్గర పదిహేను నిమిషాలు మిగులుస్తుంది. వెడల్పు హ్యాంగరుకు తగిలించి నీడన, గాలి తగిలే చోట ఉంచాలి. రంగుబట్టలకు ఎండ అసలే వద్దు.

పూర్తిగా ఆరకముందే దండెం మీంచి తీసేయాలి. తాకితే చల్లగా తగలాలి, చేతికి తడి అంటకూడదు. ఇస్త్రీకి అదే అదను. పొడి సెల్యులోజ్‌లోని వదులు భాగాలు మెత్తబడాలంటే 200 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. తడి ఉంటే మామూలు గదివేడిలోనే మెత్తబడతాయి. ఎండిపోయిన లినెన్ మీద పెట్టెను ఎంత వేడి చేసి ఎంత అదిమినా ముడత కదలకపోవడం, చివరికి గుడ్డ గోధుమరంగుకు మాడడం అందుకే. ఆరిపోతే నీళ్ళు చల్లి, చుట్టగా చుట్టి, అరగంట ఉంచితే తడి సమంగా పాకుతుంది. ఇస్త్రీకి వెంటనే తీరిక లేకపోతే ఆ చుట్టను కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచవచ్చు, మర్నాటి దాకా బూజు పట్టదు. పెట్టె మీద మూడు చుక్కల గుర్తు, అంటే 200 డిగ్రీల దాకా, స్వచ్ఛమైన లినెన్‌కు సరిపోతుంది. పాలిస్టర్ కలిసిన గుడ్డకు అంత వేడి పెట్టకూడదు. ముదురు రంగు గుడ్డను లోపలి వైపు నుంచే చేయాలి, లేకపోతే పోగులు చదునై నిగనిగలాడే మచ్చలు పడతాయి. గుడ్డ పూర్తిగా పొడిబారే దాకా ఇస్త్రీ ఆపకూడదు. కాస్త తడి మిగిలినా, హ్యాంగరు మీద అది తన కొత్త ముడతలను తానే వేసుకుంటుంది.

గంజి పెట్టవచ్చా? చీరకైతే పెట్టవచ్చు, పలుచగా. గంజి పొరకు ఒక గొప్ప గుణముంది: మురికి పోగును అంటకుండా ఆ పొరను అంటుకుంటుంది, ఉతికితే పొరతోపాటే పోతుంది. కానీ లినెన్ పుట్టుకతోనే బిరుసు. దాని మీద చిక్కటి గంజి పెట్టి, మడతల మీద పెట్టెతో గట్టిగా నొక్కితే, సాగలేని పోగు ఆ అంచున విరుగుతుంది. కొన్నాళ్ళకు చీర మడత మీదే బారుగా చీలడం చాలా ఇళ్ళలో చూసే నష్టం. మడతలను పెట్టెతో నొక్కకుండా చేత్తో మడిస్తే ఈ ముప్పు తప్పుతుంది.

బీరువాలో దాచే చీరకు మాత్రం గంజి ఉండకూడదు, ఉతికి తీసేసి దాచాలి. బట్టల మధ్య తిరిగే వెండిరంగు పురుగుకు గంజి ఇష్టమైన తిండి. ఉన్నినీ పట్టునీ తినే చిమ్మటకు లినెన్ అక్కర్లేదు, అందువల్ల దీనికి నాఫ్తలిన్ ఉండలతో పని లేదు. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో వానాకాలంలో అసలు శత్రువు బూజు. సెల్యులోజ్, తేమ, చీకటి మూడూ దొరికితే అది చేరిపోతుంది. ప్లాస్టిక్ కవరు తేమను లోపల బంధిస్తుంది కాబట్టి ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టడం మంచిది. పట్టుచీరలకు మన ఇళ్ళలో చేసేదే దీనికీ చేయాలి: రెండు మూడు నెలలకోసారి బయటకు తీసి, గాలికి పెట్టి, మడత మార్చి పెట్టాలి. మ్యూజియాల్లోనైతే పాత బట్టలను మడవకుండా గొట్టాలకు చుట్టి ఉంచుతారు. ఇంట్లో అంత చోటు లేకపోతే మడతల మధ్య పాత మెత్తటి గుడ్డను చుట్టగా పెడితే వంపు పదునెక్కదు.

ఇలా చూసుకున్న లినెన్ ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. నారను అంటిపెట్టుకుని మిగిలిన పెక్టిన్ ప్రతి ఉతుకుకూ కొంచెం కొంచెం వదలడం అందుకు కారణం. కాబట్టి రెండో ఏడు చొక్కా మొదటి ఏటి చొక్కాకంటే హాయిగా ఉంటుంది. ముందు పాడయ్యేది కాలరు మడత. దర్జీ చేత కాలరు విప్పించి తిరగేసి కుట్టిస్తే మరికొన్నేళ్ళు వస్తుంది. అదీ అయ్యాక వీపు గుడ్డను చతురస్రంగా కత్తిరించి అంచు కుట్టుకుంటే కళ్ళద్దాలు, గాజు గ్లాసులు తుడవడానికి వాడుకోవచ్చు. పొడుగు నార కనుక అద్దం మీద నూగు వదలదు.